ఆస్తి అప్పుల పట్టీ కలవకపోతే: సర్దుబాట్లతో ముగింపు లెక్కలు చేసే పద్ధతి

వర్తకపు ఖాతా సాఫీగా వచ్చింది, లాభ నష్టాల ఖాతా ముగిసింది, తీరా ఆస్తి అప్పుల పట్టీ దగ్గరికి వచ్చేసరికి రెండు వైపులా మొత్తాలకు మూడు వేలు తేడా. ఇంటర్‌లో సీఈసీ, ఎంఈసీ చదివేవాళ్లకూ, బీకాం మొదటి ఏడాది వాళ్లకూ ఇది బాగా తెలిసిన బాధే. వెంటనే చాలామంది కూడికలన్నీ మొదటి నుంచీ మళ్లీ చేస్తారు. సమయం పోతుంది, తప్పు దొరకదు. ఎందుకంటే చాలాసార్లు తప్పు కూడికలో ఉండదు, సర్దుబాట్లలో ఉంటుంది. దాన్ని నేరుగా పట్టుకునే దారి ఉంది. ఒక పూర్తి లెక్క చేస్తూ ఆ దారి చూద్దాం.

ముందు ఒక్క సూత్రం గట్టిగా పట్టుకోవాలి. అంకణాలో, అంటే ఖాతాల నిల్వలన్నీ డెబిట్, క్రెడిట్‌గా రాసిన జాబితాలో (ట్రయల్ బ్యాలెన్స్) ఉన్న అంకె ఒక్క చోటికే వెళుతుంది. అంకణా కింద సర్దుబాటుగా ఇచ్చిన అంకె రెండు చోట్లకు వెళుతుంది. దీన్ని బట్టీ పట్టే ముందు కారణం అర్థం చేసుకోండి. అంకణాలో ఉన్న జీతాలు 33,000 అంటే ఆ డబ్బు ఇచ్చినప్పుడే జీతాల ఖాతా డెబిట్ అయింది, నగదు ఖాతా క్రెడిట్ అయింది. రెండో వైపు పని ఎప్పుడో అయిపోయింది కాబట్టి ఇక మిగిలింది దాన్ని సరైన ఖాతాలో పెట్టడమే. సర్దుబాటు అలా కాదు. అది ఇంకా లెక్కకు ఎక్కని వ్యవహారం. డెబిట్ పనీ, క్రెడిట్ పనీ రెండూ మనమే చేయాలి.

ఒక వర్తకుడి 31 మార్చి 2024 నాటి అంకణా ఇదిగో.

డెబిట్ నిల్వలు:
ప్రారంభపు సరుకు 40,000
కొనుగోళ్లు 2,10,000
అమ్మకాల వాపసులు 5,000
వేతనాలు 18,000
కొనుగోలు రవాణా 4,000
జీతాలు 33,000
అద్దె 12,000
బీమా 6,000
అమ్మకాల రవాణా 3,000
రాని బాకీలు 2,000
ఋణగ్రస్తులు 62,000
యంత్రాలు 80,000
ఫర్నిచర్ 20,000
బ్యాంకులో నగదు 34,000
సొంతవాడకాలు 15,000
మొత్తం 5,44,000

క్రెడిట్ నిల్వలు:
మూలధనం 1,50,000
అమ్మకాలు 3,25,000
కొనుగోలు వాపసులు 6,000
ఋణదాతలు 38,000
రాని బాకీల నిధి 2,500
కమీషన్ 2,500
అప్పు 20,000
మొత్తం 5,44,000

సర్దుబాట్లు:
1. ముగింపు సరుకు కొన్న ధర 48,000, మార్కెట్ ధర 52,000.
2. ఇంకా చెల్లించవలసిన జీతాలు 3,000.
3. బీమా 6,000 అనేది 1 జూలై 2023 నుంచి ఒక సంవత్సరానికి కట్టిన ప్రీమియం.
4. యంత్రాలపై 10 శాతం, ఫర్నిచర్‌పై 5 శాతం తరుగుదల.
5. మరో 2,000 రాని బాకీగా రద్దు చేయాలి. ఋణగ్రస్తులపై 5 శాతం రాని బాకీల నిధి ఏర్పాటు చేయాలి.
6. అప్పు 1 అక్టోబర్ 2023న తీసుకున్నది, వడ్డీ ఏడాదికి 12 శాతం.
7. యజమాని ఇంటి వాడకానికి 2,000 విలువైన సరుకు తీసుకున్నాడు.

ఖాతా గీతలు గీయక ముందే పెన్సిల్ తీయండి. అంకణాలో ఒక్కో పేరు పక్కన వ, లా, ఆ అని ఒక్క అక్షరం రాయండి: వర్తకపు ఖాతాకు వెళ్లేదానికి వ, లాభ నష్టాల ఖాతాకు లా, ఆస్తి అప్పుల పట్టీకి ఆ. ఒక్కో సర్దుబాటు పక్కన మాత్రం రెండు చిన్న గడులు గీసి, ఎక్కించిన ప్రతిసారీ ఒక గడిలో టిక్ పెట్టండి. ఇందుకు రెండు, మూడు నిమిషాలు పడుతుంది. చివర్లో ఖాళీగా మిగిలిన గడే తప్పు ఎక్కడుందో చూపిస్తుంది కాబట్టి ఆ సమయం వృథా కాదు.

అక్షరాలు వేసేటప్పుడు తడబడే పేర్లు కొన్నే. కొన్న సరుకు దుకాణానికి చేరేదాకా అయ్యే రవాణా వర్తకపు ఖాతాకు, అమ్మిన సరుకు కొన్నవాడికి చేర్చే రవాణా లాభ నష్టాల ఖాతాకు. వేతనాలు వర్తకపు ఖాతాకు, జీతాలు లాభ నష్టాల ఖాతాకు. రెండూ కలిపి ఒకే పద్దుగా ఇస్తే ఏ పేరు ముందుంటే ఆ ఖాతాకు పంపడం పాఠ్యపుస్తకాల అలవాటు: 'వేతనాలు, జీతాలు' అంటే వర్తకపు ఖాతా, 'జీతాలు, వేతనాలు' అంటే లాభ నష్టాల ఖాతా. ఇక కమీషన్, అద్దె, వడ్డీ అని ఊరికే పేరు ఇస్తే అది ఏ వరుసలో ఉందో చూడాలి. డెబిట్ వరుసలో ఉంటే ఖర్చు, క్రెడిట్ వరుసలో ఉంటే ఆదాయం. మన లెక్కలో కమీషన్ క్రెడిట్ వైపు ఉంది కాబట్టి అది వచ్చిన కమీషన్.

ఇప్పుడు వర్తకపు ఖాతా. కొనుగోళ్లు 2,10,000లోంచి వాపసులు 6,000, యజమాని ఇంటికి తీసుకెళ్లిన సరుకు 2,000 తీసేస్తే 2,02,000. ఆ సరుకును అమ్మకాల్లో కలపకూడదు. అది అమ్ముడుపోలేదు, వ్యాపారం కోసం కొన్నదాంట్లోంచి బయటికి వెళ్లింది. అందుకే కొన్న ధరకే కొనుగోళ్ల నుంచి తగ్గిస్తాం. డెబిట్ వైపు: ప్రారంభపు సరుకు 40,000, నికర కొనుగోళ్లు 2,02,000, వేతనాలు 18,000, కొనుగోలు రవాణా 4,000, కలిపి 2,64,000. క్రెడిట్ వైపు: నికర అమ్మకాలు 3,20,000, ముగింపు సరుకు 48,000, కలిపి 3,68,000. స్థూల లాభం 1,04,000.

ముగింపు సరుకుకు 52,000 ఎందుకు తీసుకోలేదు? కొన్న ధర, మార్కెట్ ధర రెండింట్లో తక్కువదే తీసుకోవాలి. సరుకు ఇంకా గోదాములోనే ఉండగా, దాని మీద రాబోయే నాలుగు వేల లాభాన్ని ఈ ఏడాది లెక్కలో చూపించడం సరికాదు.

లాభ నష్టాల ఖాతాలో తేలికైనవి ముందు ముగిద్దాం. జీతాలు 33,000కు 3,000 కలిపి 36,000. అద్దె 12,000. అమ్మకాల రవాణా 3,000. తరుగుదల యంత్రాలపై 8,000, ఫర్నిచర్‌పై 1,000, కలిపి 9,000.

బీమా దగ్గర నెలలు లెక్కపెట్టాలి. 1 జూలై 2023 నుంచి ఏడాది అంటే 30 జూన్ 2024 దాకా. మన లెక్కల సంవత్సరం 31 మార్చితో అయిపోతుంది. ఏప్రిల్, మే, జూన్ మూడు నెలల బీమా వచ్చే ఏడాదిది. 6,000ను 12తో భాగించి 3తో గుణిస్తే 1,500 ముందుగా చెల్లించినది. ఈ ఏడాది ఖర్చు 4,500. ఇలాంటి చోట 'జూలై ఏడో నెల కాబట్టి మిగిలినవి అయిదు' అని క్యాలెండర్ సంవత్సరం ప్రకారం లెక్కేయడం తరచుగా జరిగే పొరపాటు. ఏప్రిల్ నుంచి మార్చి దాకా పన్నెండు నెలల పేర్లు మార్జిన్‌లో రాసుకుని, ప్రీమియం వర్తించే నెలలను దాటేసి లెక్కపెడితే ఈ పొరపాటు రాదు.

అప్పుపై వడ్డీకీ ఇదే పద్ధతి. అక్టోబర్ నుంచి మార్చి దాకా ఆరు నెలలు. 20,000పై 12 శాతం అంటే ఏడాదికి 2,400, ఆరు నెలలకు 1,200. అంకణాలో చెల్లించిన వడ్డీ ఏమీ లేదు కాబట్టి 1,200 మొత్తం చెల్లించవలసినదే. అంకణాలో వడ్డీ 500 అని ఉంటే మిగిలిన 700 మాత్రమే చెల్లించవలసిన వడ్డీ అయ్యేది.

ఇక రాని బాకీలు. ఈ పాఠంలో ఎక్కువ మార్కులు పోయేది ఇక్కడే, అందుకే కాస్త నిదానంగా చూద్దాం. లెక్కలో మూడు వేర్వేరు విషయాలు ఒకే పేరుతో కనిపిస్తున్నాయి.

మొదటిది అంకణాలోని రాని బాకీలు 2,000. ఈ ఏడాది మధ్యలోనే ఆ బాకీ రాదని తేలింది, అప్పుడే రాని బాకీల ఖాతా డెబిట్ చేసి ఋణగ్రస్తుల ఖాతా క్రెడిట్ చేశారు. అంటే ఋణగ్రస్తులు 62,000 అనేది ఆ రెండు వేలు పోయాక మిగిలిన అంకె. దాన్ని మళ్లీ తగ్గించకూడదు. రెండోది సర్దుబాటులోని 2,000. ఇది ఇంకా లెక్కకు ఎక్కలేదు కాబట్టి ఖర్చులో కలపాలి, ఋణగ్రస్తుల నుంచీ తీయాలి. మూడోది నిధి. మిగిలిన వాళ్లలోనూ కొందరు ఎగ్గొట్టవచ్చని ముందు జాగ్రత్తగా పక్కన పెట్టేది. పోయిన 2,000 ఎటూ పోయింది, దాని మీద అనుమానం ఏమీ లేదు. అందుకే శాతం కట్టాల్సింది 62,000పై కాదు, 60,000పై. 5 శాతం అంటే 3,000.

ఇప్పుడు పాత నిధి 2,500. పోయిన ఏడాది లాభంలోంచి ఈ ఏడాది నష్టాల కోసం తీసి పెట్టినది అది. నష్టం వచ్చింది కాబట్టి దాన్ని వాడుకుంటాం. లాభ నష్టాల ఖాతాలో ఈ వరుసలోనే రాయండి:

రాని బాకీలు 2,000
కలుపు: కొత్త రాని బాకీలు 2,000
కలుపు: కొత్త నిధి 3,000
మొత్తం 7,000
తగ్గించు: పాత నిధి 2,500
నికరం 4,500

ఆస్తుల వైపు ఋణగ్రస్తులు 62,000, తగ్గించు కొత్త రాని బాకీలు 2,000, తగ్గించు కొత్త నిధి 3,000, మిగిలింది 57,000. పాత నిధి ఇక్కడికి రాదు. అది అంకణాలోది, ఒక్క చోటే వెళ్లాలి, లాభ నష్టాల ఖాతాలో దాని పని అయిపోయింది.

ఖర్చులు కూడితే: 36,000, 12,000, 4,500, 3,000, 4,500, 9,000, 1,200, మొత్తం 70,200. ఆదాయం వైపు స్థూల లాభం 1,04,000, కమీషన్ 2,500, మొత్తం 1,06,500. నికర లాభం 36,300.

ఆస్తి అప్పుల పట్టీలో అప్పుల వైపు: మూలధనం 1,50,000కు లాభం 36,300 కలిపి, సొంతవాడకాలు నగదు 15,000, సరుకు 2,000 తగ్గిస్తే 1,69,300. ఋణదాతలు 38,000. అప్పు వడ్డీతో కలిపి 21,200. చెల్లించవలసిన జీతాలు 3,000. మొత్తం 2,31,500.

ఆస్తుల వైపు: యంత్రాలు 72,000, ఫర్నిచర్ 19,000, ఋణగ్రస్తులు 57,000, ముగింపు సరుకు 48,000, ముందుగా చెల్లించిన బీమా 1,500, బ్యాంకు 34,000. మొత్తం 2,31,500.

కలిసింది. కలవకపోతే ఏం చేయాలి?

ముందు తేడా ఎంతో కాగితం మీద రాయండి. దాని పక్కన ఆ తేడాలో సగం ఎంతో రాయండి. ఏ వైపు ఎక్కువ ఉందో కూడా గుర్తించండి. ఈ మూడు విషయాలతో ప్రశ్నపత్రం వైపు చూస్తే అనుమానితులు రెండు మూడు పద్దులకు తగ్గిపోతారు.

తేడా 3,000 అనుకుందాం. మన లెక్కలో 3,000 అంకె మూడు చోట్ల ఉంది: చెల్లించవలసిన జీతాలు, అమ్మకాల రవాణా, కొత్త నిధి. సగం 1,500, అది ముందుగా చెల్లించిన బీమా. ఇప్పుడు వైపు చూడండి. ఆస్తుల మొత్తం ఎక్కువగా ఉంటే జీతాలను అప్పుల్లో రాయడం మరిచిపోయారు, లేదా నిధిని ఋణగ్రస్తుల నుంచి తీయలేదు. అప్పుల మొత్తం ఎక్కువగా ఉంటే ఏదో ఖర్చు లాభ నష్టాల ఖాతాలో పడలేదు, దానివల్ల లాభం ఉబ్బింది: జీతాలు కలపలేదు, లేదా రవాణా వదిలేశారు, లేదా నిధి ఖర్చులో కలపలేదు. అదీ కాకపోతే ముందుగా చెల్లించిన బీమాను అప్పుల వైపు రాశారు. తప్పు వైపు రాసిన అంకె ఎప్పుడూ తనకు రెట్టింపు తేడా తెస్తుంది, ఎందుకంటే ఉండాల్సిన చోట తగ్గింది, ఉండకూడని చోట పెరిగింది. సొంతవాడకాలు 15,000ను తీయాల్సింది పోయి మూలధనానికి కలిపితే తేడా 30,000 వస్తుంది.

తేడా 2,500 అయితే పాత నిధినో కమీషన్‌నో వదిలేశారేమో చూడండి. 2,000 అయితే అంకణాలోని రాని బాకీలను ఋణగ్రస్తుల నుంచి రెండోసారి తీశారేమో ముందు చూడండి. ఇంటి వాడకం సరుకు రెండు చోట్లలో ఒక చోటే పడినా అదే తేడా.

ఏ పద్దుతోనూ, సగంతోనూ సరిపోకపోతే తేడాను 9తో భాగించండి. శేషం లేకుండా పోతే అంకెలు తారుమారై ఉండవచ్చు. 57,000ను 75,000 అని రాస్తే తేడా 18,000. సున్నా జారినా ఇదే లక్షణం: 34,000ను 3,400 అని ఎక్కిస్తే తేడా 30,600, అంటే 3,400కు తొమ్మిది రెట్లు. ఇది ఖాయమైన రుజువు కాదు, వేరే తప్పుల వల్ల వచ్చిన తేడా కూడా 9తో పోవచ్చు. కాబట్టి ముందు పద్దులతో పోల్చడం, తర్వాతే తొమ్మిది. తేడా కచ్చితంగా 100 గానో 1,000 గానో 10,000 గానో ఉంటే మాత్రం అప్పుడు కూడికలు చూడండి. చేతిలో పట్టుకున్న అంకె కలపడం మరిచిపోతే ఇలాంటి గుండ్రని తేడా వస్తుంది.

దొరకలేదని తేడాను అనామతు ఖాతా (తప్పు దొరికేదాకా తేడాను తాత్కాలికంగా ఉంచే ఖాతా) పేరుతో పట్టీలో పెట్టి కలిపేయడం మంచి పద్ధతి కాదు. అంకణాయే కలవని లెక్కల్లో అనామతు ఖాతాకు స్థానం ఉంది. కలిసిన అంకణా ఇచ్చినప్పుడు తేడా మనం తెచ్చుకున్నదే. వచ్చిన మొత్తాలు అలాగే ఉంచి తర్వాతి ప్రశ్నకు వెళ్లండి, చివర్లో సమయం మిగిలితే టిక్ పడని గడి కోసం మళ్లీ చూడండి.

పట్టీ కలిసినా లెక్క తప్పు కావచ్చు, ఇది ఇంకా ముఖ్యం. వడ్డీ ఆరు నెలలకు బదులు ఏడాదికి 2,400 వేశారనుకోండి. లాభం 35,100కు తగ్గుతుంది, అప్పు 22,400కు పెరుగుతుంది, మొత్తం మాత్రం అదే 2,31,500. ఇంటి వాడకం సరుకును రెండు చోట్లా వదిలేస్తే లాభం 34,300 వస్తుంది, మొత్తం మళ్లీ 2,31,500 దగ్గరే ఉంటుంది. నిధిని 62,000పై కడితే లాభం 36,200, రెండు వైపులా 2,31,400తో కలుస్తుంది. అమ్మకాల రవాణాను వర్తకపు ఖాతాలో పెడితే స్థూల లాభం 1,01,000 అవుతుంది, నికర లాభం మారదు. కాబట్టి పుస్తకం వెనక ఉన్న జవాబుతో పట్టీ మొత్తాన్ని ఒక్కదాన్నే పోల్చుకోవద్దు. స్థూల లాభం, నికర లాభం, పట్టీ మొత్తం మూడూ పోల్చండి.

ప్రశ్న ఇచ్చేవాళ్లు మార్చే మరో విషయం, సర్దుబాటులో ఉండాల్సిన పద్దును అంకణాలోకి తేవడం. ముందుగా చెల్లించిన బీమా అంకణాలోనే ఉంటే బీమా ఖర్చులోంచి దాన్ని మళ్లీ తీయకూడదు, ఆస్తుల్లో మాత్రం రాయాలి. తరుగుదల అంకణాలో ఉంటే యంత్రాల విలువ అప్పటికే తగ్గింది, లాభ నష్టాల ఖాతాలో రాస్తే చాలు. ముగింపు సరుకు అంకణాలో కనిపిస్తే కొనుగోళ్లలో దాన్ని ముందే సర్దేశారని అర్థం, అది ఆస్తుల్లోకి మాత్రమే వెళుతుంది. వేతనాల్లో యంత్రం బిగించడానికి అయిన కూలి కలిసి ఉందని ఇస్తే, దాన్ని వేతనాల్లోంచి తీసి యంత్రానికి కలపాలి.

ఇదే లెక్కను ఒక చిన్న మార్పుతో చేసి చూడండి. పాత నిధి 2,500కు బదులు 8,000, మూలధనం 1,44,500 అనుకోండి, మిగతావన్నీ అవే. అంకణా ఇప్పుడూ 5,44,000 దగ్గర కలుస్తుంది. రాని బాకీల లెక్క 7,000 దగ్గర ఆగి, అందులోంచి 8,000 తీయాల్సి వస్తుంది. మిగిలిన 1,000 ఖర్చు కాదు, లాభ నష్టాల ఖాతా క్రెడిట్ వైపుకు వెళుతుంది. నికర లాభం 41,800 రావాలి. పట్టీ మొత్తం మాత్రం 2,31,500 దగ్గరే ఉంటుంది, ఆస్తుల్లో ఏ అంకే మారలేదు కదా.